సంతకం కింద రెండు చుక్కలు

నల్లగండ్ల,
14 జూలై 2025

మహారాజశ్రీ అమ్మమ్మ గారి సముఖానికి,

సామర్లకోటలో తమ్ముడు సుబ్బరాయుడు గారింట నిద్ర చేస్తున్న తమరికి, నల్లగండ్ల ఫ్లాటు తాత్కాలిక కార్యనిర్వహణాధికారి అవినాష్ వణుకుతూ సమర్పించుకునే నివేదిక ఇది.

ముందుగా నీ ఫోను ఎందుకు మూగబోయిందో చెప్పాలి. అది పాడవలేదు. దాన్ని చంపింది నేనే.

తాతయ్య పేరు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీయించెయ్యమని రైలెక్కేముందు నువ్వే చెప్పావు. నేను డెత్ సర్టిఫికెట్ పట్టుకుని మదీనాగూడలో ఫోను కంపెనీ వాళ్ళ షాపుకెళ్ళి, విశ్వేశ్వరరావు గారి కనెక్షన్లన్నీ తీసెయ్యమని గంభీరంగా సెలవిచ్చాను. అక్కడి కుర్రాడు "అన్నీనా సార్?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. "అన్నీ" అన్నాను. ఆ క్షణంలో నా అంత సమర్థుడు హైటెక్ సిటీ నుంచి పటాన్‌చెరు దాకా లేడనిపించింది. సాయంత్రం నీకు ఫోను చేస్తే గానీ తెలియలేదు, నీ నంబరు కూడా తాతయ్య పేరు మీదే ఉందని. అది మళ్ళీ బతకాలంటే నువ్వే స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలట.

సుబ్బరాయుడు తాతయ్య ఫోనుకి చేద్దామంటే ఆయన స్పీకరులో పెడతారు. నిన్న నువ్వెలా ఉన్నావని అడిగితే నలుగురు జవాబు చెప్పారు, ఆ నలుగురిలో నువ్వు లేవు. అందుకే ఈ ఉత్తరం. దగ్గర్లో పోస్టాఫీసు ఎక్కడుందని రాయదుర్గంలో మా ఆఫీసువాళ్ళని అడిగితే, ఆరోగ్యం బాగానే ఉందా అని నన్నడిగారు.

ఇక అసలు పని. తాతయ్య పింఛను ఇకనుంచి నీకు రావాలి, బ్యాంకు ఖాతా నీ ఒక్కదాని పేరు మీదికి మారాలి. కాగితాలు జత చేస్తున్నాను. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన ప్రతిచోటా సంతకం పెట్టి పంపు. గుర్తులు ఎక్కువే ఉన్నాయి, కంగారుపడకు. చనిపోయిన మనిషిని ఖాతాలోంచి తియ్యడం కంటే బతికున్న మనిషి అక్కడే ఉందని నిరూపించడానికే ఎక్కువ కాగితం అవుతోంది.

నాకు తోడుగా మా ఆఫీసు జశ్వంత్ వచ్చి ఉంటున్నాడు. వాచ్‌మన్ ఎల్లేశం రోజూ నీ గురించి అడుగుతున్నాడు.

ఇట్లు,
విధేయుడు, నీ ఫోను హంతకుడు,
అవినాష్

*

సామర్లకోట,
19 జూలై 2025

ఒరేయ్ అవినాషూ,

నీ ఉత్తరం అందింది. నాకంటే ముందు మీ సుబ్బరాయుడు తాతయ్యకి అందింది. హైదరాబాదు నుంచి కవరు వచ్చిందంటే కోర్టు నోటీసేనని, నేను విప్పేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఫోను పోయినందుకు నాకేం బెంగ లేదు. రోజూ పొద్దున్నే లోను కావాలా అని అడిగే ఆ అమ్మాయే నేను ఏమైపోయానో అనుకుంటూ ఉంటుంది.

నిద్ర చెయ్యడానికి తీసుకొచ్చారు గానీ ఇక్కడ నిద్రపోనివ్వడం లేదు. ఇంట్లో మనిషి పోతే మనసు మళ్ళడానికి చుట్టాలింట మూడు రాత్రులు పడుకోవాలని ఆచారం పెట్టినవాళ్ళు, ఆ చుట్టాలకి కూడా చుట్టాలుంటారని మర్చిపోయారు. సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా వచ్చి ఎలా జరిగిందమ్మా అంటుంది. చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చేసింది. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట దగ్గర వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో కూడా తెలిసిపోయింది. నిన్న ఒకావిడ మధ్యలో వచ్చింది. ఆవిడ కోసం మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.

మూడు నిద్రలయ్యాయి, వెళ్తానంటే వీళ్ళు కదలనివ్వడం లేదు. ఒక్కదానివీ అక్కడ ఏం చేస్తావక్కా అని తమ్ముడు. ఒక్కదాన్నేమిటి, మావాడున్నాడు కదా అన్నాను. "వాడు రేపు పెళ్ళి చేసుకుని వేరే ఫ్లాటుకి పోడా వదినా?" అంది మా మరదలు జయంతి. నీకు కాఫీ కలుపుకోవడమే రాదు, పెళ్ళెవరు చేసుకుంటారని అడిగాను. 

నువ్వు ఇంటూ పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. ఒకచోట నీ ఇంటూ మీదే పెట్టేశాను. ఫరవాలేదా?

బాల్కనీలో కరివేపాకు మొక్కకి బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యి. మీ తాతయ్య కుర్చీ మీద తడి తువ్వాలు ఆరెయ్యకు. ఆయన ఉన్నప్పుడు ఆరేసేవాడివని ఇప్పుడు కూడా వెయ్యక్కర్లేదు.

ఈ జశ్వంత్ ఎవరు? ఏం తింటాడు?

అమ్మమ్మ

*

నల్లగండ్ల,
26 జూలై 2025

సామర్లకోట వీధి కథావాచకురాలికి,

ఒక దుర్వార్త. బ్యాంకు నీ సంతకాన్ని తిరస్కరించింది.

కాగితాలు తీసుకుని గర్వంగా వెళ్ళాను. కౌంటరులో యశస్విని అని ఒకావిడ ఉంది. మెదక్ వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది, నన్ను మాత్రం రెండో క్లాసు పిల్లాణ్ణి చూసినట్టు చూస్తుంది. నీ కాగితం వైపు ఒకసారి, తన స్క్రీను వైపు ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. చివరికి తీర్పు చెప్పింది.

"కలుస్తలేదన్నా. మా రికార్డుల ఉన్న అక్షరాలు ఉరుకుతున్నయ్. గీడ కూసున్నయ్."

మా అమ్మమ్మకి వయసైంది మేడమ్, అక్షరాలకి కూడా అయి ఉంటుంది, అవీ కూర్చుంటాయి కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అమ్మను తోలుకరా, లేకుంటే మంచిగ పెట్టిచ్చి పంపియ్" అంది.

ఇప్పుడు నిజం చెప్పు. సంతకాలు పెడుతున్నప్పుడు టీవీలో సీరియలు నడుస్తోందా? లేక చెయ్యి వణుకుతోందా? వణుకుతూ ఉంటే దాచకుండా చెప్పు, మంచి డాక్టరుకి చూపిద్దాం. వణకకపోతే ఈసారి కుర్చీలో నిటారుగా కూర్చుని, నీ మామూలు సంతకం పెట్టు. కొత్త కాగితాలు జత చేశాను. ఇంటూలు ఈసారి చిన్నగా పెట్టాను.

జశ్వంత్ మంచివాడు, గుడ్లు తింటాడు, బయటే తింటాడు. నీ గది అతనికిచ్చాను, ఏసీ ఉన్నది అందులోనే కదా. అందుకని నువ్వేమీ తొందరపడి రానక్కర్లేదు. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు. ఇక్కడ మాకు హాయిగా ఉంది. నా గురించి రవ్వంత కూడా బెంగపెట్టుకోకు.

కుర్చీ మీద తువ్వాలు లేదు. ఆ కుర్చీలో ఎవరమూ కూర్చోవడం లేదు కూడా.

ఇట్లు,
బ్యాంకు చేతిలో భంగపడిన
అవినాష్

*

సామర్లకోట,
1 ఆగస్టు 2025

చిరంజీవి అవినాష్‌కి,

ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం క్షేమం.

నా చెయ్యి వణకడం లేదు. సీరియలూ లేదు. నిన్న జయంతి ఊరగాయ జాడీ ఈ చేత్తోనే దించాను. నేను సంతకం మంచిగానే పెట్టాను. కలవకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ బ్యాంకులో ఉన్నది నా సంతకం కాదు. మీ తాతయ్యది.

అంటే నా పేరే. పెట్టింది ఆయన. ఆ ఖాతా తెరిచిన రోజు పొయ్యి మీద పులిహోర పోపు ఉంది. రాజ్యం, ఒక సంతకం పెట్టమని హాల్లోంచి పిలిచారు. చేతులు ఖాళీ లేవు, మీరే పెట్టెయ్యండి అన్నాను. పెట్టేశారు. అప్పట్నుంచీ అన్నీ ఆయనే పెడుతున్నారు. పెళ్ళయిన కొత్తలో చీటీల దగ్గర కూడా ఇంతే. నాకు చేతకాక కాదు. ఆయనకి సంతకాలు పెట్టడమంటే సరదా, ఆఫీసులో రోజంతా పెట్టి వచ్చి కూడా ఇంట్లో ఏమైనా ఉందా అని అడిగేవారు. ఇందులో ఇంత ఆశ్చర్యపోవలసిందేముందో నాకర్థం కావడం లేదు. ఏ ఇంట్లోనైనా ఇంతే కదా.

నా గది జశ్వంత్‌కి ఇచ్చావు. మంచిది. ఏసీ వృథాగా పోకూడదు. మీకు హాయిగా ఉందన్నావు, అదీ మంచిదే. తమ్ముడు కూడా వీధివైపు గది నాకు ఖాళీ చేయిస్తానంటున్నాడు. ఆలోచిస్తే అక్కడ మాత్రం నాకింక పనేముంది. మీ తాతయ్యకి రెండుపూటలా కాఫీ ఇవ్వడం ఒక్కటే ఉండేది.

సోమవారం తుని వెళ్తున్నాను. మా అమ్మణ్ణి అక్క తన ఇంట నిద్ర బాకీ ఉందని పోరుతోంది.

కరివేపాకు మొక్క సంగతి నువ్వు రాయలేదు.

రాజరాజేశ్వరి

*

నల్లగండ్ల,
7 ఆగస్టు 2025

అమ్మమ్మ గారికి,

నీ ఉత్తరం ఆఫీసు బస్సులో చదువుతూ గట్టిగా నవ్వేస్తే, పక్కనున్న మేనేజరు లాప్‌టాప్ మూసి మరీ చూశాడు. చట్టప్రకారం మన పరిస్థితి ఇదీ: తాతయ్య భార్యగా సంతకం పెట్టగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉండేవారు. ఆయన పోయారు.

అయినా నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి. పరిష్కారం కనిపెట్టాను. నువ్వు నీ సంతకం నేర్చుకోవాలి.

ఆరో క్లాసులో మా అమ్మ బదిలీల గొడవ పడలేక నన్ను మీ దగ్గర వదిలేసినప్పటి నుంచి నా ప్రోగ్రెస్ కార్డులన్నీ అటక మీద ఉన్నాయి. వెతికితే ప్రతి కార్డు మీదా రెండు సంతకాలు. ఒకటి తాతయ్యది, రెండోది నీది. నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు నువ్వు చూసి కూడా ఎందుకు తిట్టలేదా అని ఇన్నేళ్ళు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తెలిసింది, నువ్వు చూడనే లేదు. తాతయ్య నన్ను కాపాడారు. వాటిలో ఒక కార్డు జిరాక్సు జత చేస్తున్నాను. దాన్ని చూస్తూ సాధన చెయ్యి. అక్షరాలు కుడివైపు వాలి ఉంటాయి. కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. చుక్కలు మర్చిపోకు, యశస్విని చుక్కల దగ్గర చాలా పట్టుదల మనిషి.

ఈసారి నన్ను చిరంజీవి అని సంబోధించావు. పదోన్నతి వచ్చిందనుకుని సంతోషించాను. తర్వాత మిగతా ఉత్తరం చదివాను.

నీకు అక్కడే బాగుందని, ఇక్కడ పనేముందని రాశావు. నీ నిర్ణయం ఏదైనా ఈ కార్యాలయం శిరసావహిస్తుంది. సుబ్బరాయుడు తాతయ్య గది సిద్ధం కాగానే చెబితే నీ సామాను సర్ది పంపే ఏర్పాటు చేస్తాను.

తుని అడ్రసు నా దగ్గర లేదు, అందుకని ఇది సామర్లకోటకే పంపుతున్నాను. వాళ్ళు నీకు చేరవేస్తారు.

కరివేపాకు మొక్క బతికే ఉంది. కొంచెం అలిగింది.

ఇట్లు,
అవినాష్

*

తుని,
16 ఆగస్టు 2025

అవినాష్,

నీ ఉత్తరం నాకు చేరక ముందే అందులో సంగతి చేరింది. సుబ్బరాయుడు విప్పి చదివి, అక్కకి ఫోను చేసి, స్పీకరులో చెప్పాడు: "మనవడు నీ సామాను పంపించేస్తున్నాడే అక్కా." అక్క ఇంట్లో అప్పుడు పేరంటానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందరూ నా వైపు చూశారు. మీ తాతయ్య పోయిన కథ చెప్పినప్పుడు కూడా అంత జాలిగా ఎవరూ చూడలేదు.

సామాను పంపేవాడివి రుబ్బురోలు కూడా పంపు. మూడో అంతస్తు నుంచి నువ్వే మోసి దించు.

జిరాక్సు వచ్చాక సాధన మొదలుపెట్టాను. దానివల్ల ఇక్కడ కొత్త గొడవ. అక్క రోజూ మధ్యాహ్నం రామకోటి రాస్తుంది. ఎదురుగా కూర్చుని నేను కూడా కాగితం నిండా రాజరాజేశ్వరి, రాజరాజేశ్వరి అని రాస్తుంటే కళ్ళజోడు దించి చూసింది.

"రాముడి పేరు రాసుకోవలసిన వయసులో నీ పేరు రాసుకుంటున్నావేమే?"

నా పేరు నాకింకా రావడం లేదక్కా, ముందు ఇది రానీ అన్నాను. అంతే, మొగుడు పోయి దీనికి మతి చలించిందని సామర్లకోట ఫోను చేసింది. సామర్లకోటలో జయంతికి తెలివి ఎక్కువ. మతి కాదు ఏమీ కాదు, వదిన వీలునామా రాయబోతోంది, అందుకే సంతకం దిద్దుకుంటోంది అని తేల్చింది. మర్నాటి నుంచి నా కంచంలో నెయ్యి పెరిగింది. సుబ్బరాయుడు పనిగట్టుకుని రైలెక్కి వచ్చి, ఏదైనా రాసేముందు తోడబుట్టినవాణ్ణి ఒక మాట అడగమన్నాడు. నా పేరే రాస్తున్నానురా, నీ పేరు రావడానికి చాలా టైము పడుతుంది అన్నాను. దాంతో ఇంకా అనుమానం పెరిగింది.

ఒక సంగతి చెప్పాలి. దిద్దగా దిద్దగా నాకు వచ్చేసింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా పెట్టగలను. మొదట్లో ఆయన హడావిడిగా గిలికేసేవారనుకునేదాన్ని. కాదు. శ్వ మీద తలకట్టు ఆయన తన పేరులో ఎగరేసి వదిలేసేవారు, నా పేరులో మాత్రం నిలిపి పెట్టారు. పొయ్యి దగ్గరున్న దాని బదులు పెడుతున్నానని ఆయనకి గుర్తుండేది కాబోలు. నా పేరు ఆయన ఇంత శ్రద్ధగా రాసేవారని ఇన్నేళ్ళలో నేను చూడనే లేదు. కార్డు మీద నీ మార్కులు కూడా ఇప్పుడే చూశాను. దాని సంగతి తర్వాత.

సంతకం వచ్చింది గానీ కాగితాలు పంపడం లేదు. ముందు నువ్వొక మాట చెప్పు. వంకరటింకర కబుర్లు, కార్యాలయాలు, శిరసావహించడాలు వద్దు. నేను అక్కడికి రావాలా వద్దా? పింఛను కోసం కాదు, బ్యాంకు కోసం కాదు. వద్దంటే వద్దని రాయి, నేనేమీ అనుకోను. తమ్ముడు గదికి సున్నం వేయిస్తున్నాడు.

ఈ కవరు మీద అక్క ఇంటి అడ్రసు ఉంది. దీనికే రాయి.

అమ్మమ్మ

*

నల్లగండ్ల,
20 ఆగస్టు 2025

అమ్మమ్మా,

ఇందులో ఏ కార్యాలయమూ లేదు. నేనే రాస్తున్నాను.

రావాలి.

నువ్వు బెంగపెట్టుకుని పరిగెత్తుకొస్తావని ఇక్కడ హాయిగా ఉందని రాశాను. హాయిగా లేదు. జశ్వంత్ నార్సింగిలో కిరాయికి ఇల్లు దొరికి పదిహేను రోజుల కిందటే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, మీ ఇల్లు బాగుంది గానీ నువ్వు కుర్చీలకి కూడా గుడ్ నైట్ చెబుతున్నావు, నాకు భయమేస్తోంది అన్నాడు. ఒక్క కుర్చీకే చెప్పాను, అదీ ఒక్కసారే.

సామాను పంపుతానని రాసిన చేత్తో నీ పెట్టె అటక మీంచి దించాను. అందులో ఒక్క చీర కూడా సర్దలేకపోయాను. ఆవకాయ జాడీ పట్టడం లేదని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. నిజానికి జాడీ లోపల పెట్టి చూడనే లేదు. పెట్టె ఇంకా హాల్లో నోరు తెరుచుకునే ఉంది, రోజూ దాన్ని దాటుకుని ఆఫీసుకి వెళ్తున్నాను.

నువ్వు అక్కడ పనేముంది అని రాస్తే నీకిక్కడ ఉండాలని లేదనుకున్నాను. నిన్ను బలవంతపెట్టేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, నేను కూడా ఎందుకని పెద్దమనిషిలా రాశాను. నాకు పెద్దమనిషి వేషం నప్పదని నువ్వెన్నిసార్లు చెప్పలేదు.

నిన్న కింద లిఫ్టు దగ్గర ఎల్లేశం ఆపాడు. "అమ్మ ఎప్పుడొస్తదన్నా? పొద్దుగాల బాల్కనీలకెల్లి కేకలేసేటోళ్ళు లేక జర సప్పగుంది" అన్నాడు. నాకూ అలాగే ఉంది అని చెప్పాను.  లిఫ్టు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది.

ఇక్కడ పనేముందని అడిగావు కదా. కరివేపాకు మొక్క చావుబతుకుల్లో ఉంది. నేను కాఫీ అని పేరు పెట్టి తాగుతున్నది ఏమిటో ఎవరైనా పరీక్షించాలి. ఇవేవీ లేకపోయినా రా. పనేమీ చెయ్యకుండా కూర్చో.

ఆదివారం లింగంపల్లి వచ్చే బండికి టికెట్టు తీశాను. జత చేశాను. ముందే అందాలని ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. స్టేషన్‌లో ఉంటాను. నీ దగ్గర ఫోను లేదు కాబట్టి నేను ముందే వచ్చి అన్ని పెట్టెల దగ్గరా వెతుకుతాను.

సుబ్బరాయుడు తాతయ్యతో సున్నం డబ్బులు నేనిస్తానని చెప్పు.

అవినాష్

*

నల్లగండ్ల,
3 సెప్టెంబరు 2025

ఒరేయ్ అవినాషూ,

నన్ను స్టేషన్ నుంచి తీసుకొచ్చిన వారానికే ఆఫీసువాళ్ళు నిన్ను పూణే తోలేశారు కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సొచ్చింది. నువ్వుండే హోటలు అడ్రసు కాగితం ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళావు, బతికిపోయాను. ఫోను ఉండగా ఉత్తరమెందుకంటావేమో. అవును, ఫోను వచ్చింది. నిన్న మదీనాగూడ వెళ్ళి నా పేరు మీదే తీసుకున్నాను. వేలిముద్ర వేస్తే ఆ మిషను వెంటనే ఒప్పుకుంది. బ్యాంకు కంటే దానికే జ్ఞాపకశక్తి ఎక్కువ. లోను అమ్మాయి అప్పుడే ఒకసారి పలకరించింది కూడా. నువ్వు మాత్రం ఫోనులో అన్నిటికీ బావున్నాను అంటావు. కాగితం మీదైతే నిజం చెబుతావు. అందుకని ఉత్తరం.

మొన్న బ్యాంకుకి వెళ్ళొచ్చాను. నువ్వొచ్చేదాకా ఆగమన్నావు గానీ ఆగలేదు. ఎల్లేశం ఆటో పిలిచి పెట్టాడు.

ఆ యశస్విని బంగారం లాంటి పిల్ల. నువ్వెందుకు భయపడ్డావో తెలియలేదు. కాగితం ముందు పెట్టి సంతకం పెట్టమంది. మీ తాతయ్యలా పెట్టేశాను, వాలుగా, గీత గీసి, చుక్కలు పెట్టి. స్క్రీను చూసింది, కాగితం చూసింది. "కలిసిందమ్మా. సేమ్ టు సేమ్" అంది. పని అయిపోయినట్టే. ముద్ర చేతిలోకి తీసుకుంది కూడా.

అప్పుడు నాకేమనిపించిందంటే, ఇక నా పేరు ఎవరు రాయాలి అని. ఆయన ఉన్నంతకాలం ఆయన రాశారు, చక్కగా రాశారు. ఇప్పుడు ఆయన రాత నేను రాస్తూ కూర్చుంటే, ఆయనే ఇంకా హాల్లో కూర్చుని పెడుతున్నట్టూ నేనింకా వంటింట్లో ఉన్నట్టూ ఉంటుంది. పొయ్యి మీద ఏమీ లేదు, చేతులు ఖాళీగానే ఉన్నాయి.

అమ్మాయ్, సంతకం మార్చుకోవచ్చా అని అడిగాను. కలిసినంక మారుస్తరెందుకమ్మా అని ఆ పిల్ల బిత్తరపోయింది. పాపం, ఇన్నాళ్ళూ కలవలేదని తిప్పి పంపిన మనిషి కదా. మళ్ళీ ఇంకో కాగితం తెచ్చింది, నా ఆధార్ చూసింది, లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చింది. నేను తీరిగ్గా కూర్చుని నా పేరు నేను రాసుకున్నాను. అక్షరాలు కూర్చునే ఉన్నాయి. గుండ్రంగా, ఒక్కొక్కటీ పీట వేసుకుని. అది చూసి ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

గీత గీయలేదు. గీత లేకపోయినా అడుగున రెండు చుక్కలు మాత్రం పెట్టాను.

"గీ చుక్కలేందమ్మా?" అని అడిగింది.

"అవి మా ఆయనవి. ఉండనీ" అన్నాను.

 ముద్ర వేసేసింది. పింఛను కాగితాలు కూడా తీసుకుంది. వచ్చేటప్పుడు నీ గురించి అడిగి, ఆ అన్నను జర తినమనమ్మా, బక్కగైండు అంది. వంట నేనే చేస్తున్నాను, ఇక ఫికర్ లేదని చెప్పాను.

సామర్లకోటకి ఫోను చేసి, వీలునామా ఏమీ లేదు, నా పేరు నాకే రాసుకున్నాను అని చెప్పాను. సున్నం వేసిన గది సుబ్బరాయుడు అద్దెకిచ్చేస్తాడట.

కరివేపాకు మొక్క చిగురు వేసింది. పెట్టె అటక మీదికి ఎక్కించాను, అంటే ఎల్లేశం ఎక్కించాడు. మీ తాతయ్య కుర్చీలో రోజూ సాయంత్రం నేనే కూర్చుంటున్నాను. ఖాళీగా ఉంచితే ఇంటికొచ్చిన వాళ్ళంతా దాన్ని చూసి కథ మొదట్నుంచి చెప్పమంటారు. నేను కూర్చుంటే నన్ను చూసి కాఫీ అడుగుతున్నారు. ఇదే నయం.

ఇందాక నీ పేరు మీద కొరియర్‌లో ఏదో పెద్ద డబ్బా వచ్చింది. నువ్వే సంతకం పెట్టాలట, తెచ్చిన కుర్రాడు నీకు తప్ప ఇవ్వనన్నాడు. నువ్వు పూణేలో ఉన్నావంటే తిరిగి తీసుకుపోతాడు. మావాడు స్నానం చేస్తున్నాడు నాయనా, కాగితం ఇలా ఇవ్వు, పెట్టించుకొస్తాను అని లోపలికి తీసుకెళ్ళాను. నీ ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా, కింద నీ పేరు చూసి పెట్టేశాను. చక్కగా కుదిరింది. కుర్రాడు డబ్బా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

డబ్బా నీ గదిలో ఉంది.

రాజరాజేశ్వరి
. .